హెస్టర్ తేలికపాటి తుపాకి

ఉత్తర ధ్రువం దగ్గరి ఉక్పిక్ ఊళ్లో హెస్టర్ కుట్టిన బూట్లు తొడుక్కున్నవాళ్ల కాళ్లు తడిశాయన్న మాట ఎవరూ విని ఎరగరు. సీలు జంతువు తోలుకి ఆమె వేసిన కుట్టులోంచి నీటిచుక్క కాదు గదా, గాలి కూడా దూరదనేవాళ్లు. మనిషి పొట్టి. మాట తక్కువ. తలుపు వేసినా చప్పుడు కానిచ్చేది కాదు. టీ గిన్నె దించినా పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించేది. మొగుడు ఎనక్ అందుకు పూర్తిగా ఎదురు. అతను ఇంటికి వస్తున్నాడంటే నది ఒడ్డు దగ్గరే నవ్వు వినపడేది. అంత గోల మనిషీ వేటలో మాత్రం ఊపిరి కూడా అరువు తెచ్చుకుని పీలుస్తున్నట్టుండేవాడు. కారిబూ దుప్పుల మందలు నది దాటే రోజుల్లో అతని పడవ ఒట్టిగా తిరిగొచ్చిన రోజు లేదు. తెచ్చినదాంట్లో సగం ముసలివాళ్ల ఇళ్లకీ, మొగదిక్కులేని ఇళ్లకీ వెళ్లిపోయేది. కూతుళ్లిద్దరూ తీరం మీద పట్నంలో కాపురాలు చేసుకుంటున్నారు. ఇంట్లో ఉన్నది వీళ్లిద్దరే. రోజులు బాగానే గడిచేవి.

ఆ ఏడు నది గడ్డకట్టడానికి ముందు ఎనక్‌కి పక్షవాతం వచ్చింది. విమానంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి ప్రాణం, మాట, కోపం మూడూ పదిలంగానే ఉన్నాయి గానీ కుడి చెయ్యి బిగుసుకుపోయింది. కుడి కాలు ఈడుస్తూ కర్ర పట్టుకుని కిటికీ దాకా నడవగలిగేవాడు. ఇక అక్కడే కుర్చీ వేసుకుని నది వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఎనక్ తమ్ముడు డెల్బర్ట్ మంచివాడు. అడగకుండానే మాంసం తెచ్చి, పొయ్యి వేడి తగలని వాకిటి చలిగదిలో పెట్టి వెళ్లేవాడు. అతని మంచుబండి చప్పుడు వినపడగానే ఎనక్ గోడవైపు తిరిగిపోయేవాడు. వండినది తినేవాడు గానీ ఎప్పటిలా "ఇంకో ముక్క వెయ్యి" అనేవాడు కాదు. జీవితమంతా పదిళ్లకి పంచినవాడికి పుచ్చుకునే ముద్ద గొంతు దిగడం ఎంత కష్టమో హెస్టర్ రెండు వారాలు చూసింది. మూడోవారం ఒక పొద్దున టీ పోస్తూ అంది.

"నేను వెళ్తాను వేటకి."

"దేనికి?"

"కారిబూకి."

"సూదితో పొడుస్తావా?" అన్నాడు ఎనక్. చాలారోజుల తర్వాత అతను నవ్వడం అదే.

ఎనక్ తుపాకి బరువైనది. తూటా తూటాకీ గడియ వెనక్కి లాగి ముందుకి తొయ్యాలి. హెస్టర్‌కి పడుచుతనంలో, మంచు మీద లాగే స్లెడ్జి బోల్తాపడి భుజం విరిగింది. అది సరిగా అతకలేదు. ఆమె ఆ తుపాకిని ఒకే ఒక్కసారి పేల్చి, ఉన్నచోటే మంచులో చతికిలబడింది. తర్వాత నాలుగైదు రోజులు సూది పట్టలేకపోయింది.

సరిగ్గా అప్పుడే బడిపంతులు డగ్లస్ ఊరు విడిచి వెళుతున్నాడు. పొద్దు పొడవని చీకటి నెలలు భార్య ఒంటికి పడలేదట. అతని దగ్గర చిన్న తూటా పేల్చే తేలికపాటి తుపాకి ఉంది. ఒక్కసారి గడియ లాగి వదిలితే చాలు, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా పేల్చి, ఖాళీ గుల్లని బయటికి విసిరి, ఇంకోదాన్ని తనంతట తనే ఎక్కించుకుంటుంది. భుజానికి తన్ను కూడా తక్కువ. హెస్టర్ అతని భార్యకి బీవరు బొచ్చు టోపీ, మోకాళ్ల దాకా వచ్చే బూట్ల జత ఇచ్చి తుపాకి తెచ్చుకుంది.

ఎనక్ ఎడమచేత్తో దాన్ని ఎత్తి, మళ్లీ దించేశాడు. "ఇది తుపాకి కాదే, కుట్టుమిషను. టకటకటక. పది కుట్లు వేస్తే ఒకటి బట్టకి తగులుద్ది."

"నాకు అలవాటైన పనేగా," అంది హెస్టర్.

డెల్బర్ట్ మంచుబండి వెనక స్లెడ్జిలో కూర్చుని ఆమె మొదటిసారి వేటకెళ్లిన రోజు, ఊపిరి కనురెప్పల మీద తెల్లగా పేరుకునే చలి. నది మలుపు దగ్గర విల్లో పొదల్లో అరడజను కారిబూలు మంచు తవ్వుకుని నాచు మేస్తున్నాయి. డెల్బర్ట్ బండి ఆపి చేత్తో సైగ చేశాడు. హెస్టర్ స్లెడ్జి చాటున మోకాళ్ల మీద కూర్చుని తుపాకి గడియని లాగి, జంతువులు బెదరకుండా వేలితో పట్టుకుని మెల్లిగా ముందుకి దించింది. గురి చూసింది. నొక్కింది.

టిక్.

అంతే. మళ్లీ గడియ లాగింది. అది తేనెలో ఈదుతున్నట్టు బద్ధకంగా కదిలింది. మళ్లీ నొక్కింది. మళ్లీ టిక్. ఈసారికి కారిబూలు తలలెత్తి, తోకలు నిక్కించి పరుగందుకున్నాయి. డెల్బర్ట్ తన తుపాకి అందుకుని చివరిదాన్ని పడగొట్టాడు. 

"బాధపడకు వదినా. అవి నీకు దణ్ణం పెట్టుకుని వెళ్లాయి," అన్నాడు, చర్మం ఒలుస్తూ.

సాయంత్రానికి ఆ మాట రేడియోలో ఊరంతా తిరిగింది. ఉక్పిక్‌లో ప్రతి ఇంట్లోనూ గోడకి ఒక రేడియో ఉంటుంది, మీట నొక్కి ఎవరు మాట్లాడినా అన్ని ఇళ్లలోనూ వినపడుతుంది. పొద్దున్నే పలకరింపులు, మధ్యాహ్నం వాతావరణం, సాయంత్రం పరాచికాలు, అన్నీ దాంట్లోనే.

"హెస్టర్ అక్కా, నీ తుపాకి మంచి మర్యాదస్తురాలటగా! తలుపు తట్టి, లోపల ఎవరూ పలక్కపోతే ఊరుకుంటుందట!"

ఎనక్ కుర్చీలో ఊగిపోతూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ హెస్టర్ మొహం చూసి, సగంలో ఆగాడు. ఆమె రేడియో గొంతు కొంచెం తగ్గించి, డెల్బర్ట్ ఇచ్చిన మాంసం కొయ్యడానికి కూర్చుంది.

మర్నాడు ఎనక్ పెద్దమ్మ క్లారా వచ్చింది. ఊరందరికీ ఆమె ఆనా, అంటే అమ్మమ్మో నానమ్మో, ఏదైనా అనుకోవచ్చు. పళ్లు లేని నోటితో ఎండుచేపని సీలు నూనెలో నానబెట్టుకుని చప్పరిస్తూ కూర్చుంది. ఎనక్ కునుకు తీస్తున్నాడని చూసుకుని గొంతు తగ్గించింది.

"వాణ్ణి అడిగావా, తుపాకి సంగతి?"

"అడిగాను. పంతులికి తిరిగిచ్చెయ్యమన్నాడు."

"అడిగితే చెప్పడే. వాళ్ల నాన్నా అంతే. నీ కళ్లముందు ఎవరైనా తోలుకి అడ్డదిడ్డంగా కుట్టు వేస్తుంటే చూస్తూ ఊరుకోగలవా నువ్వు?"

హెస్టర్ ఆలోచించింది. "చేతిలోంచి లాక్కుంటాను."

"మరి వాడి ఎదురుగా కూర్చుని ఆ తుపాకి విప్పు. తప్పుగా విప్పు," అని ఆనా ఇంకో ముక్క నూనెలో ముంచింది.

అంత నటన హెస్టర్‌కి అవసరం పడలేదు. ఆమెకి నిజంగానే ఆ తుపాకి విప్పడం రాదు. ఆ సాయంత్రం తూటాల డబ్బా ఊడదీసి, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, ఎనక్ కుర్చీ ఎదురుగా బల్లమీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టింది. ఏ పుల్ల దేన్ని పట్టుకుందో తెలియక ఒక స్ప్రింగుని బలంగా లాగింది. అది ఎగిరి పొయ్యి వెనక పడింది.

"అబ్బబ్బ!" అన్నాడు ఎనక్. "దాన్ని కాదే లాగడం! ఆ పక్కది నొక్కు ముందు. నొక్కు. ఆఁ. ఇప్పుడు తియ్యి. నీ దుంపతెగ, సుత్తి పక్కన పెట్టు, సుత్తెందుకు?"

స్ప్రింగుని వెతికి తెచ్చుకుని హెస్టర్ చెప్పినట్టే చేసింది. లోపలంతా పసుపుపచ్చని నూనె మెరుస్తోంది. పంతులు ఎండాకాలంలో దట్టంగా పూసిన నూనె.

"నిన్న ఇదే గట్టిపడి ఉంటుందా?" అని అడిగింది.

"నాకేం తెలుసు. నేను చూడలేదు గదా," అన్నాడు. ఓడిపోవడం ఇంకా ఇష్టం లేదు.

హెస్టర్ వంటింట్లోంచి ఇనుప చెంచాలు తెచ్చింది. ఒకదానికి ఆ పచ్చనూనె రాసింది. ఒకదానికి తన కుట్టుమిషను నూనె. ఒకదాన్ని శుభ్రంగా తుడిచి, పెన్సిలు ములుకు నూరిన నల్లటి పొడి రుద్దింది. మూడింటినీ చలిగదిలో పెట్టి వచ్చింది. పొద్దున్నే తెచ్చి ఎనక్ ఒళ్లో ఉన్న పలక మీద వరసగా పెట్టింది. మొదటిది గడ్డకట్టిన కొవ్వులా ఉంది, వేలితో నెట్టినా కదల్లేదు. రెండోది సాగింది. మూడోదాని మీద వేలు జారిపోయింది.

ఎనక్ మూడో చెంచాని చాలాసేపు రుద్దుతూ కూర్చున్నాడు. "మా నాన్న చలికాలంలో అసలు నూనే వేసేవాడు కాదు. పొడిగా ఉంచేవాడు," అన్నాడు చివరికి. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. "పొయ్యి ఇంధనంతో కడుగు అంతా. ఇంట్లో కాదు, బయట, మంటకి దూరంగా. కడిగి, ఆరబెట్టి, ఈ పొడి రుద్దు. ఇంకోటి, తుపాకిని ఇంట్లోకి తేకు. వెచ్చటి గదిలోకి వస్తే దానికి చెమట పడుద్ది. ఆ చెమటతో మళ్లీ చలిలోకి తీసుకెళ్తే లోపలంతా మంచు. చలిగదిలోనే ఉండనీ. దానికి చలి వెయ్యదు."

"నిన్న రాత్రంతా పొయ్యి పక్కనే పెట్టాను, పాపం అని," అంది హెస్టర్.

"పాపమట!" అని ఎనక్ కళ్లు తుడుచుకున్నాడు, నవ్వి నవ్వి.

అలా కడిగి ఆరబెట్టిన తుపాకి తీసుకుని ఆమె ఇంటి వెనక నది గట్టు దగ్గర సాధన మొదలుపెట్టింది. గట్టుకి బిస్కెట్ల పెట్టె అట్టలు ఆనించి, బొగ్గుతో చుక్క పెట్టేది. ఎనక్ కుర్చీ ఆ వైపు కిటికీకి మారింది. పేలినప్పుడు బాగానే పేలేది. కానీ ఉండుండి ఒకసారి, ముఖ్యంగా మొదటి తూటాకి, మళ్లీ అదే టిక్. నూనె లేదు, మంచు లేదు, అయినా టిక్. హెస్టర్ తూటాల డబ్బాలు మార్చి చూసింది. ఒకటి మూతి దగ్గర వంకర తిరిగి ఉంటే దానికి ఎర్ర ఊలు దారం కట్టి పక్కన పడేసింది. అయినా పూర్తిగా పోలేదు.

ఒకరోజు ఎనక్ కర్రతో కిటికీ అద్దం మీద టకటకా కొట్టాడు. ఏమైందోనని ఆమె పరుగెత్తుకొచ్చింది.

"నన్ను బయటికి తీసుకెళ్లు."

"ఈ చలిలోనా?"

"బతికున్నవాళ్లకే గదా చలి. తీసుకెళ్లు."

స్లెడ్జి మీద కారిబూ తోళ్లు పరిచి, అతన్ని కూర్చోబెట్టి, తోడేలు బొచ్చు అంచున్న టోపీ మొహం మీదికి లాగి, ఆమె తాడు భుజాన వేసుకుని గట్టు దాకా లాక్కెళ్లింది. అతను కళ్లు మూసుకున్నాడు.

"పేల్చు."

ఆమె గడియ లాగి, వేలితో పట్టుకుని, మెల్లిగా దించింది. నొక్కింది. టిక్.

"ఇంకోసారి, గడియ మాత్రమే."

ఆమె లాగి, మెల్లిగా దించింది. ఎనక్ కళ్లు తెరిచాడు. మొహం విచ్చుకుంది.

"నీ గుణమే దానికి శత్రువే! టీ గిన్నె దించినట్టు దించుతున్నావ్. అది పూర్తిగా మూతపడట్లా. వెంట్రుకవాసి తెరిచే ఉంటోంది. ఇక పేలమంటే ఎలా పేలుద్ది? దాన్ని బుజ్జగించకు. వెనక్కి లాగి వదిలెయ్. అది విసురుగా వెళ్లి కొట్టుకోవాలి."

"చప్పుడవుద్దిగా. కారిబూలు వింటాయి."

"విననీ. తల ఎత్తుతాయి, చూస్తాయి, నువ్వు కదలకపోతే మళ్లీ దించుతాయి. పేలని తుపాకి చప్పుడు చెయ్యకపోతే ఎవరికి లాభం?"

ఆమె లాగి వదిలేసింది. ఇనుము ఇనుముకి తగిలి ఖణేల్‌మంది. ఆ చప్పుడుకి ఆమే ఉలిక్కిపడింది. నొక్కింది. పేలింది. ఆ రోజు తెచ్చిన తూటాలన్నీ పేలాయి. తిరుగుదారిలో స్లెడ్జి మీద ఎనక్ పాట పాడాడు, గొంతు పగిలినా.

పేలడం ఒక పని. తగలడం ఇంకో పని. అట్ట మీద చిల్లులు చూస్తే ఎవరో గుప్పెడు చిక్కుళ్లు విసిరినట్టున్నాయి. అన్నిటికంటే ముందు, చెక్కకీ గొట్టానికీ మధ్య మరలు చూడమన్నాడు ఎనక్. స్లెడ్జి కుదుపులకి వదులైపోయి ఉన్నాయి. బిగించింది. తుపాకి పట్టీని మోచేతికి గట్టిగా చుట్టుకుంటే సన్నటి గొట్టం పక్కకి గుంజుకుపోతోందని ఇద్దరూ కలిసి కనిపెట్టారు. పట్టీ వదిలేసింది. స్లెడ్జి గట్టి చెక్క మీద ఆనిస్తే తూటా పైకి పోతోంది. కింద తన బొచ్చు చేతొడుగు పెట్టి, గొట్టాన్ని కాకుండా తుపాకి చెక్కని దానిమీద ఆనించింది. కొట్లో దొరికే తూటాల్లో మూడు రకాలు పేల్చి చూస్తే, ఒక రకానివి మాత్రం టీ కప్పు మూతంత చోటులో పడ్డాయి. మిగతావి డెల్బర్ట్‌కి ఇచ్చేసింది.

అయినా వరసగా పేల్చినప్పుడు నాలుగోదీ అయిదోదీ పైకి ఎక్కిపోయేవి.

"గొట్టం సన్నం. తొందరగా వేడెక్కి వంకర తిరుగుద్ది," అన్నాడు ఎనక్. "బరువు తుపాకి దానంతటదే కుదురుగా ఉంటుంది. తేలిక తుపాకిని నువ్వు కుదురుగా ఉంచాలి. అయినా నీకు నాలుగోదాంతో పనేంటి? చల్లటి గొట్టంలోంచి వెళ్లే మొదటిది ఎక్కడ తగులుద్దో అదొక్కటి నేర్చుకో. రోజూ పొద్దున ఒకే ఒక్కటి పేల్చు. అదే అట్ట మీద."

అలాగే రోజుకొకటి పేల్చింది. కొన్నాళ్లకి చిల్లులు దగ్గర దగ్గరగా, చుక్కకి కాస్త ఎడమగా చేరాయి. గొట్టం మీది గురి పుల్లని పిసరు జరిపింది. తర్వాతి వారం చిల్లులు చుక్కలోకి వచ్చాయి.

ఆ అట్టని ఆమె సంతోషంగా తెచ్చి ఎనక్ ఒళ్లో పెట్టిన రోజే ఇద్దరికీ తగువైంది. అతను అట్టని చూశాడు. చిల్లులని ఎడమచేతి వేలితో తడిమాడు. తర్వాత దాన్ని కిందికి జారవిడిచాడు.

"నా పని అయిపోయిందిక," అన్నాడు.

"ఏం పని?"

"నేర్పడం. వెయ్యాల్సిందంతా నువ్వే వేస్తావు. నేనిక కిటికీకి పరదా. నేను చచ్చాననుకునే గదా ఇదంతా నేర్చుకుంది?"

హెస్టర్ ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ పూట మాత్రం చేతిలో ఉన్న గిన్నెని బల్ల మీద ఠంగున పెట్టింది. 

"బతికున్నావని నేర్చుకున్నాను. చచ్చినవాడికి మాంసం ఎందుకయ్యా?"

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఇంట్లో మాటల్లేవు. టీ పోస్తే తాగేవాడు. ఆమె పొద్దున్నే ఒక తూటా పేల్చి వచ్చేది. నాలుగో పొద్దున ఆమె వచ్చేసరికి అతను అన్నాడు, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

"ఇవాళ ఊపిరి బిగబట్టావు. పేల్చే ముందు చాలాసేపు ఆగావు. అంతసేపు ఆగితే చెయ్యి వణుకుద్ది."

"నిజమే. వణికింది," అంది హెస్టర్. పొయ్యి మీద గిన్నె పెట్టి, అతని టీలో ఎప్పటికంటే ఎక్కువ పంచదార వేసింది.

ఎండలు తిరిగొచ్చాక, మంచు మీద వెలుగు కళ్లు పొడిచే రోజుల్లో, మందలు ఉత్తరానికి కదిలాయని రేడియోలో కబురొచ్చింది. డెల్బర్ట్ పొద్దున్నే వచ్చాడు. బయల్దేరే ముందు ఎనక్ వదలకుండా చెప్పాడు. 

"గొట్టం మూతికి టేపు ముక్క అంటించు, మంచు దూరకుండా. దానిలోంచే పేల్చొచ్చు, ఏం కాదు. కొమ్ములున్నవాటి జోలికెళ్లకు. ఈ రోజుల్లో కొమ్ములుండేవి కడుపుతో ఉన్నవే. గొట్టం మీద ఊపిరి వదలకు. ఇంకా..."

"అన్నా, మేం ఇవాళే తిరిగొస్తాం. పెళ్లికి పంపినట్టు పంపకు," అన్నాడు డెల్బర్ట్.

ఉత్తరపు కొండ వాలులో గాలి నేలమీద మంచుని పాముల్లా పాకిస్తోంది. మంద వాలు మీద పరుచుకుని మేస్తోంది. ఇద్దరూ బండి లోయలో వదిలి, గాలికి ఎదురుగా పాకారు. ఒక మంచు దిబ్బ వెనక హెస్టర్ చేతొడుగు పెట్టి తుపాకి ఆనించింది. గడియ లాగి వదిలేసింది.

ఖణేల్‌మన్న చప్పుడుకి డెల్బర్ట్ మొహం తెల్లబోయింది. "వదినా! చెడగొట్టావ్!" అని గొంతులోనే అన్నాడు.

దగ్గర్లో ఉన్న కారిబూలన్నీ తలలెత్తాయి. హెస్టర్ కదల్లేదు. రెప్ప కూడా వెయ్యలేదనిపించింది డెల్బర్ట్‌కి. గాలి వీస్తూనే ఉంది. ఒక్కొక్కటే, ఏమీ లేదనుకుని, తల దించింది. కొమ్ముల్లేని ఒక పడుచు మగది మందకి కాస్త ఎడంగా, అడ్డంగా నిలబడి ఉంది. ఆమె సగం ఊపిరి వదిలి, నొక్కింది.

తూటా తగిలింది. కానీ పక్కకి తిరిగిన గాలి తూటాని కాస్త తోక వైపు నెట్టింది. జంతువు వంగి, రెండడుగులు తూలి, పరుగు కోసం కాళ్లు కూడదీసుకుంది. బరువు తుపాకి అయితే ఆ భుజంతో ఆమె గడియ లాగి మళ్లీ గురి కుదుర్చుకునేలోపు అది కొండ దాటి ఎక్కడో బాధపడి చచ్చేది. చేతిలో ఉన్నది అప్పటికే రెండో తూటా ఎక్కించుకుని సిద్ధంగా ఉంది. గొట్టం ఇంకా చల్లగానే ఉంది. ఆమె చెంప చెక్క మీంచి లేవలేదు. రెండోది సరిగ్గా భుజం వెనక తగిలింది. జంతువు కూలింది, ఇక కదల్లేదు.

డెల్బర్ట్ చాకు బయటికి తీశాడు. ఏదో ఒక వెటకారం వస్తుందని హెస్టర్ ఎదురుచూసింది.

"మంచి మాంసం," అన్నాడు చివరికి. "పద, చల్లారకముందే కోద్దాం."

ఆమె దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతొడుగులు తీసి, వెచ్చటి మెడ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంది.

ఇంటికొచ్చేసరికి ఎనక్ వాకిట్లో కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. స్లెడ్జి మీది మూట చూసి, ఏమీ తెలియనట్టు అడిగాడు. 

"ఎన్ని?"

"రెండు తూటాలు. మొదటిది వెనక్కి పోయింది. గాలి లెక్క తప్పాను."

"రెండోది?"

"భుజం వెనక."

అతను తల ఊపాడు. మూతి బిగించుకున్నాడు గానీ కళ్లు మాట వినలేదు. వెనక్కి తిరిగి తలుపు తీస్తూ, "నాలుక ఉడకబెట్టు," అన్నాడు.

"నాలుక లేదు."

"అదేంటి?"

"దార్లోనే క్లారా ఆనాకి ఇచ్చేశాను. తొడలు ఒకటి హ్యారియట్ అత్తకి, ఒకటి కింద వీధి ముసలాయనకి. ఈ మూటలోదీ ఇప్పుడు డెల్బర్ట్ పంచేస్తాడు."

ఎనక్‌కి అప్పుడు ఆచారం గుర్తొచ్చింది. మొదటి వేటలో ముక్క కూడా ఇంట్లో ఉంచుకోకూడదు. అంతా పెద్దవాళ్లకే పోవాలి. తను తొమ్మిదేళ్ల వయసులో కొట్టిన మొదటి కారిబూ అలాగే పోయింది. యాభై దాటిన పెళ్లానికి కూడా అది మొదటి వేటేనన్న సంగతి అప్పటిదాకా అతనికి తట్టనే లేదు.

"చలికాలమంతా బయట గడ్డకట్టి కూర్చుని నేర్పితే, నాకు పులుసు కూడా లేదన్నమాట," అన్నాడు.

సాయంత్రం రేడియోలో క్లారా ఆనా గొంతు వినిపించింది. హెస్టర్ కొట్టిన కారిబూ తిన్నామని, దేవుడు ఆమె చేతిని చల్లగా చూడాలని ఊరందరికీ చెప్పింది. "తుపాకి ఇక తలుపు తట్టట్లేదు, బద్దలు కొట్టుకుని వెళ్తోంది," అంది. అన్ని ఇళ్లలోంచీ ఒకేసారి నవ్వులు, అభినందనలు. ఆ సందడి అణగక ముందే ఆనా పంపిన మనిషి ఒక గిన్నె తెచ్చి బల్లమీద పెట్టి వెళ్లాడు. మూత తీస్తే పక్కటెముకలు, సగం నాలుక, పైన ఎర్రగా వేగిన కొవ్వు.

"ఇది మనం తినకూడదు," అంది హెస్టర్. వెంటనే రేడియో అందుకుంది. "ఆనా, మా వాటా పొరపాటున వచ్చింది."

"పొరపాటు కాదు. అది నీకు కాదు, వాడికి," అంది ఆనా. "పెద్దవాళ్లందరికీ వాటా వెళ్లాలి. కర్ర పట్టుకుని నడిచేవాడు, వేటకెళ్లలేనివాడు, కూర్చుని పిల్లలకి బుద్ధులు చెప్పేవాడు, వాణ్ణి ఏమంటారే?"

ఊరు ఊరంతా వింటోంది. ఎనక్ మొహం కందగడ్డయింది. అరవైకి ఇంకా రెండేళ్లున్నాయని, తనని ముసలివాళ్లలో కలిపితే ఊరుకోనని గట్టిగా అరిచాడు, రేడియో మీట నొక్కకుండానే. గిన్నె వైపు చూడలేదు. ఆవిరి మాత్రం అతని వైపే వస్తోంది.

హెస్టర్ అతని ఎడమచేతి పక్కన చాకు పెట్టి, సీలు నూనె గిన్నె జరిపి, బొచ్చు కుట్టే పని ముందేసుకుని కూర్చుంది. చాలాసేపటికి చాకు చప్పుడైంది. ఆమె తలెత్తలేదు.

"కొవ్వు తక్కువ," అన్నాడు ఎనక్ నమలుతూ.

"ఎండాకాలం దాకా ఆగాల్సింది."

"ఇంకాస్త కొవ్వు ఉండాల్సింది," అని ఇంకో ముక్క కోసుకున్నాడు. తర్వాత ఒక ముక్క చాకు మొనకి గుచ్చి ఆమె వైపు చాచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కొట్టినవాళ్లు తినకూడదు. అతనికీ తెలుసు. అయినా చాచాడు, కాసేపు అలాగే పట్టుకుని, తనే తినేశాడు.

ఆ తర్వాత శరత్కాలంలో మందలు నది దాటినప్పుడు హెస్టర్ డెల్బర్ట్ పడవలో వెళ్లింది. ఈసారి తెచ్చినది ఇంట్లో మిగిలింది, పదిళ్లకీ వెళ్లింది. పంచడానికి ఏ ఇంటికి ఏ ముక్కో ఎనక్ కుర్చీలోంచే చెప్పేవాడు, ఎప్పటిలాగే గోలగా. తుపాకులు మొరాయించినవాళ్లు వాటిని తెచ్చి చలిగదిలో పెట్టడం మొదలుపెట్టారు. అతను తోళ్లు కప్పుకుని అక్కడే కూర్చుని, కళ్లు మూసుకుని, గడియ లాగమనేవాడు. కొందరికి వెంటనే చెప్పేవాడు. కొందరికి "ఇంకోసారి" అనేవాడు. మరలు బిగించడం, పొడి రుద్దడం లాంటి చేతిపనంతా హెస్టర్‌ది. పెద్దవాళ్ల వాటా వచ్చినప్పుడు ఇక కాదనేవాడు కాదు. ఆలస్యమైతే ఎవరింటి నుంచి రాలేదో అడిగేవాడు కూడా.

ఎనక్ ఇంకో ఆరు చలికాలాలు బతికాడు. పోయినప్పుడు నేల గడ్డకట్టి ఉంటే డెల్బర్ట్, ఊళ్లో మగవాళ్లు రెండు రోజులు మంట వేసి కరిగించి గొయ్యి తవ్వారు. ఆ రెండు రోజులూ తవ్వేవాళ్లకి వండి పెట్టింది హెస్టరే. ఆ మాంసం ఆ ముందు వారం ఆమె కొట్టి తెచ్చినదే.